వణకని గీత

కాలు విరిగి మూడు నెలలు మంచం మీద ఉండి, మళ్లీ పనిలో చేరిన రెండో రోజున ఆ గీత నా చేతికొచ్చింది. చూడగానే ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండటం పెద్ద వార్తేమీ కాదు. ఈ కంటాసుపత్రిలో అందరూ నా వెనక నన్ను మంటమ్మ అంటారు. ముఖం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి నేనూ విననట్టే ఉంటాను.

గీతను తెచ్చింది ఒక అమ్మమ్మ. చంకలో ఏడు నెలల మనవరాలు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు, వెనక నోట్లో నాలుక లేనట్టున్న కూతురు. తలుపుకి వేలాడే నల్ల దుప్పటిని పక్కకి నెట్టి, ఎవరూ పిలవకుండానే మా చీకటి గదిలోకి వచ్చేసింది.

"కరెంటు పరీక్ష చేసేది నువ్వేనా అమ్మా?"

"పరీక్ష మాదే గానీ కరెంటు మాది కాదు పెద్దమ్మా. మేం పిల్లకి కరెంటు పెట్టం. పిల్ల తలలో పుట్టేదాన్నే చూస్తాం. చీటీ ఏది? వరసలో రండి."

"వరసలో నిలబడీ నిలబడీ ఇంతదాకా వచ్చాం. ఇంక వరసా లేదు, వావీ లేదు. ముందు ఇది చూడు."

వావీ వరసా లేదన్న మనిషికి కుర్చీ వెయ్యక తప్పలేదు. కవరు తీసుకున్నాను.

మా గది పని ఏమిటో చెప్పాలి. పెద్దవాళ్ల చేత గోడ మీద అక్షరాలు చదివిస్తారు. చదవడం రాని పిల్లలకు బొమ్మలు చూపిస్తారు. మాటే రాని పసిపిల్లలు, అందులోనూ పుట్టుకతోనే కంట్లో తెల్లపొర కమ్మేసి, దాని వెనక ఏముందో డాక్టరు కంటికి కూడా ఆననివాళ్లు ఉంటారు. వాళ్లకు మా గదే దిక్కు. తలకు మూడు చోట్ల చిన్న వెండి గిన్నెలు అంటిస్తాం. వెనక ఒకటి, నుదుటి మీద ఒకటి, చెవి దగ్గర ఒకటి. ఆ గిన్నెలకు తీగలుంటాయి. కంటి ముందు దీపం వెలిగించి ఆర్పుతూ ఉంటాం. కన్ను ఆ వెలుగును పట్టుకుంటే కబురు నరం గుండా తల వెనక్కి చేరుతుంది. చేరితే యంత్రం గీసే గీతలో ఒక గుట్ట లేస్తుంది. చేరకపోతే లేవదు. పసిపిల్ల తరఫున మాట్లాడే నోరు అదొక్కటే.

ఆ కాగితం అడుగున రాసి ఉంది: "రెండు కళ్లు. స్పందన లేదు." కింద మా గదికి కొత్తగా వచ్చిన గుండెలరాయుడి సంతకం.

"డాక్టరమ్మ ఆపరేషన్ చెయ్యనంటోంది," అంది అమ్మమ్మ. "కళ్లు మరీ చిన్నవట. కోస్తే ప్రమాదమట. వెనక నరమే చచ్చిపోయినప్పుడు కోసి లాభమేంటని అడుగుతోంది. ఇంకో ఆసుపత్రికెళ్లాం. వాళ్లూ పిల్లని చూడలేదు, ఈ కాగితం చూశారు. చూసి, డాక్టరమ్మ అన్నదే అన్నారు."

"మరి మీరేమంటారు?"

"పిల్ల చూస్తుందంటాను. పొద్దున్నే వాకిట్లోకి తీసుకెళ్తే మొహం ముడుచుకుంటుంది. డాక్టరమ్మేమో ఎండ వేడికి అంటుంది. తెల్లారీ తెల్లారకముందు ఎండకి వేడేంటమ్మా, ఎవరైనా వింటే నవ్విపోరూ? నాకు చదువు లేదు. కానీ ఆరుగురిని పెంచాను. ఏ పిల్ల చూస్తోందో, ఏ పిల్ల చూడట్లేదో నాకు తెలీదూ?"

"అమ్మా, ఊరుకో," అంది కూతురు. ఆమె గొంతు విన్నది అదే మొదలు. నా వైపు తిరిగి, "మావారు ఇంక తిరగొద్దన్నారండీ. రాతని ఒప్పుకోమన్నారు. అమ్మే వినదు," అంది.

రాత అన్న మాటకు నాకు మళ్లీ మండింది. ఇది ఎవరి రాత? మా ఆసుపత్రి రాత.

కాగితాన్ని దీపం కింద పెట్టి మళ్లీ చూశాను. పద్దెనిమిదేళ్లుగా నేను చూడని గీత లేదు. అందరూ అనుకునేది ఏమిటంటే, చూపు లేని పిల్ల గీత తిన్నగా ఉంటుందని. ఉండదు. చూపు లేకపోయినా తలలో పిల్ల ఉంటుంది కదా. ఆకలి ఉంటుంది, నిద్ర ఉంటుంది, అమ్మ వాసన ఉంటుంది. వాటన్నిటి అలికిడీ గీతలో సన్నగా వణుకుతూనే ఉంటుంది. గుట్ట లేవకపోవచ్చు గానీ వణుకు పోదు. ఈ గీత మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంది. ఒకటి కాదు, రెండు కళ్లకూ, రెండేసి సార్లు తీసినవి, నాలుగూ అలాగే ఉన్నాయి. ఇది చూపు లేని పిల్ల గీత కాదు. అసలు పిల్లే లేని గీత. యంత్రం ఆ రోజు ఎవరి మాటా వినలేదు.

గుండెలరాయుణ్ణి పిలిచాను. అతని అసలు పేరు అది కాదు. పెద్దాసుపత్రిలో గుండె పరీక్షలు చేసే గది నుంచి మాకు బదిలీ మీద వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఎంత గొడవ జరిగినా నిమ్మకు నీరెత్తినట్టుంటాడు. అందుకని ఆ పేరు పెట్టింది నేనే. అతను వచ్చిన మర్నాడే నేను మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. అంటే నా దగ్గర అతను నేర్చుకున్నది సరిగ్గా ఒక్క రోజు.

"ఈ గీత నువ్వే తీశావా?"

"నేనే అక్కా. చాలా నీట్‌గా వచ్చింది. రెండు కళ్లకీ నాలుగు నిమిషాల్లో అయిపోయింది."

"నాలుగు నిమిషాల్లో నాకు గిన్నెలు అంటించడమే అవదు. ఎలా చేశావో ఇప్పుడు చేసి చూపించు. ఈ పిల్లకే."

అతను ఏ తడబాటూ లేకుండా మొదలుపెట్టాడు. టేపుతో తల కొలిచాడు, అది సరిగ్గానే కొలిచాడు. గిన్నెల్లో తెల్లటి పేస్టు పెట్టి మూడు చోట్లా అంటించాడు, అదీ బాగానే ఉంది. తర్వాత బల్ల కింద నుంచి ఒక స్టీలు గిన్నె తీశాడు. అందులో ఉప్పునీళ్లు. గుడ్డ పట్టీని ఆ నీళ్లలో ముంచి, పిండీ పిండకుండా, పిల్ల తల చుట్టూ మూడు గిన్నెల మీంచీ గట్టిగా చుట్టేశాడు. నీళ్లు పిల్ల చెవి మీదుగా మెడలోకి కారాయి. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది.

"చూశారా అక్కా, నంబరు టక్కున ఎలా పడిపోయిందో," అన్నాడు యంత్రం వైపు చూపిస్తూ.

నంబరు అంటే గిన్నెకూ చర్మానికీ మధ్య ఎంత అడ్డు ఉందో చెప్పే అంకె. అది ఐదు లోపు ఉండాలి. అతని తడిపట్టీతో ఒకటి కంటే తక్కువ చూపిస్తోంది. ఎందుకు చూపించదు? ఉప్పునీళ్ల పట్టీ మూడు గిన్నెలనూ ఒకటి చేసేసింది. యంత్రం చేసే పని ఒక గిన్నెకూ ఇంకో గిన్నెకూ తేడా చూడటం. తల వెనకా నుదురూ ఒకే తడిలో కలిసిపోతే ఇంక తేడా ఎక్కడుంటుంది? తేడా లేకపోతే గీత తిన్నగా వస్తుంది. పిల్ల చూసినా తిన్నగానే వస్తుంది, చూడకపోయినా తిన్నగానే వస్తుంది.

"ఎవరయ్యా నీకు తడిపి కట్టమని చెప్పింది?" అని అరిచాను. నా అరుపుకి బయట వరసలో ఉన్నవాళ్లు కూడా నిశ్శబ్దమైపోయారని తర్వాత చెప్పారు. "ఇది తలనొప్పికి వేసే పట్టీ అనుకున్నావా? ఇలా ఎంతమందికి కట్టావు? నీ గుండె గదిలో మనుషులు బతికున్నారా, లేక వాళ్లనీ ఇలాగే తడిపావా?"

రాయుడు వేలు పెట్టి యంత్రం పక్కన అంటించిన కాగితం ముక్కను చూపించాడు.

"మీరే రాశారు కదక్కా."

కాలు విరిగే ముందు రోజు నేను అతని కోసం రాసి అంటించిన ముక్క అది. నేను రాసింది: "తల తుడిచి పట్టీ కట్టు." పసిపిల్లల మాడుకు అమ్మలు నూనె రాస్తారు. నూనె ఉంటే గిన్నె అంటుకోదు. అందుకని పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆ తర్వాతే పొడి పట్టీ కట్టాలి. అదీ నా ఉద్దేశం.

దగ్గరికెళ్లి చదివాను. పేస్టు వేళ్లు తగిలి కాగితం మీద మరకలు పడ్డాయి. "తు"కి ఉండాల్సిన కొమ్ము మరకలో కలిసిపోయింది. ఇక "చి" సంగతి. నా చేతిరాతలో "చ"కీ "ప"కీ తేడా చిన్నప్పటి నుంచీ లేదు. కోడి కెలికినట్టు రాస్తావని మా పంతులుగారు వేళ్ల మీద కొట్టేవారు. ఆయన కొట్టింది చాలలేదని ఇప్పుడు తెలిసింది. నేను రాశానన్న సంగతి మరిచిపోయి, కొత్త మనిషి కళ్లతో ఆ ముక్కను చదివితే అది ఇలా ఉంది: "తల తడిపి పట్టీ కట్టు."

తుడిచి. తడిపి. ఒక కొమ్మూ, ఒక అక్షరమూ.

"తలా పట్టీ రెండూ ఒకేసారి తడిసిపోతాయని పట్టీనే ముంచేవాణ్ణి," అన్నాడు రాయుడు. "మీరు రాశారంటే ఏదో కారణం ఉంటుందనుకున్నాను. మిమ్మల్ని ఫోన్ చేసి అడగాలంటే..." ఆపేశాడు.

"అడగాలంటే?"

"తిడతారని భయమేసిందక్కా."

గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. నా నలుపును ఎవరో అద్దంలో చూపించినట్టయింది. అంతసేపూ అతని మీద ఉన్న కోపం ఎటు పోవాలో తెలియక నా గొంతులోనే ఉండిపోయింది. అది తగ్గిందని చెప్పను. కోపం తగ్గదు, అది పడే మనిషి మారతాడు అంతే. ఇప్పుడు ఆ మనిషిని నేను.

అమ్మమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ అక్షరాల గొడవ తర్వాత చూసుకోండి. ముందు నా పిల్ల తల తుడవండి, జలుబు చేస్తుంది," అంది.

తుడిచాను. నా పైటతో తుడిచాను. మూడు గిన్నెలూ పీకేసి, మాడంతా పొడిగా అయ్యేదాకా తుడిచాను. మాడు మీది పొలుసులు పోవాలని అమ్మ రాసిన నూనె పైటకు పసుపురంగులో అంటింది. చర్మాన్ని కొంచెం గరుకుగా రుద్ది, గిన్నెలు మళ్లీ అంటించి, పొడి పట్టీ కట్టాను. నంబరు ఏడు చూపించింది. మళ్లీ రుద్దాను. నాలుగున్నరకి దిగింది. పిల్ల ఏడుస్తుంటే గీతలోకి మెడకండరాల గోలంతా వచ్చేస్తుంది. తల్లిని పాలు పట్టమన్నాను, నిద్రపోనివ్వొద్దన్నాను. పాలు పడుతూ నిద్రపోనివ్వకపోవడం ఎంత కష్టమో పిల్లల్ని కన్నవాళ్లకే తెలుస్తుంది. ఆవిడ పిల్ల పాదాన్ని గోకుతూ కూర్చుంది. దీపం వెలిగించాను.

అరవై వెలుగుల తర్వాత గీతలో చిన్న గుట్ట లేచింది. పొట్టిగా ఉంది. రావాల్సిన దానికంటే ఆలస్యంగా వచ్చింది. పొరలోంచి వెలుగు వెళ్లాలి కదా, ఆలస్యం కాక ఏమవుతుంది. ఒక్కసారి వస్తే నమ్మకూడదు. మళ్లీ అరవై వెలిగించాను. అదే చోట, అంతే పొట్టిగా, మళ్లీ లేచింది. పిల్ల కళ్లకు నల్లగుడ్డ కప్పి ఇంకో అరవై వెలిగించాను. గుట్ట లేవలేదు, వణుకు మాత్రం ఉంది. గుడ్డ తీస్తే మళ్లీ లేచింది.

"పెద్దమ్మా," అన్నాను. "వెలుగు వెనక్కి చేరుతోంది. చూపు ఎంత వస్తుందో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కానీ నరం చచ్చిపోలేదు."

అమ్మమ్మ సంతోషపడుతుందనుకున్నాను. ఆవిడ కూతురి వైపు తిరిగి, "విన్నావా? మీ ఆయనకి ఫోన్ చేసి చెప్పు, రాతట రాత!" అని కసిరింది. కూతురు పిల్లను గుండెకు నొక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఆ కుదుపుకి మూడు గిన్నెలూ ఊడిపోయాయి.

ఆ రోజు మంగళవారం. చంటిపిల్లలకు మత్తిచ్చే డాక్టరు మా ఆసుపత్రికి నెలలో ఒకే ఒక్క గురువారం వస్తాడు. ఆ గురువారం ఎల్లుండే. అది దాటితే ఇంకో నెల. పుట్టిన కొద్ది వారాల్లోనే తీయాల్సిన పొర అది, ఇప్పటికే ఏడు నెలలైంది. కన్ను ఎప్పుడు తెరిచినా తెరుచుకుంటుంది గానీ, మెదడు చూడటం నేర్చుకునే వయసు ఒకసారి పోతే మళ్లీ రాదు. ఆ పిల్లకు ప్రతి వారమూ లెక్కే.

రెండు గీతలూ పట్టుకుని, కర్ర ఊతంగా కుంటుకుంటూ పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్లాను. సూపరింటెండెంటు కూడా అక్కడే ఉన్నాడు.

డాక్టరమ్మ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుంది. "పోయిన నెల లేదన్నారు. ఇవాళ ఉందంటున్నారు. మీ గదికి ఒక మాట ఉండదా? నేను దేన్ని నమ్మి ఈ చిన్నకళ్ల మీద కత్తి పెట్టాలి?"

"ఒక్కటి అడుగుతాను డాక్టరుగారూ. పోయిన నెల మీరు గీత చూశారా, కింద రాసిన వాక్యం చూశారా?"

ఆవిడ నా వైపు చూసింది. పాత గీతను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. ఆవిడకూ తెలుసు, వణకని గీత ఉండదని. చదువుకున్న మనిషి. కాగితం కింద పెట్టి, "వాక్యం చూశాను," అంది.

ఒప్పుకున్నందుకు సగం కోపం దిగింది. మిగతా సగం ఉంది. అమ్మమ్మ చెప్పింది వినలేదు, పిల్ల మొహం చూడలేదు, గీత చూడలేదు. ఒక్క వాక్యం చూసి ఒక జన్మకు దీపం ఆర్పేశారు. ఆ వాక్యానికి మూలం నా కోడికెలుకుడు. ఇందులో ఎవరిని ఎక్కువ తిట్టాలో నాకే తెలియలేదు.

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. "ఇంత దూరం ఎందుకండీ? యంత్రం లోపం అని ఒక ముక్క రాసేయండి. ఎవరికీ నొప్పి ఉండదు."

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందండీ," అన్నాను. "యంత్రం లోపమని రాస్తే రూలు ప్రకారం మీరే దానికి తాళం వేయించాలి. కంపెనీ మనిషి వచ్చి చూసేదాకా అది గీసిన ఏ గీతా చెల్లదు. ఇవాళ నేను తీసిందీ చెల్లదు. అప్పుడు గురువారం ఆపరేషన్ బల్ల మీద ఈ పిల్ల ఉండదు. యంత్రం బంగారంలా ఉంది. దాన్ని ఏమీ అనకండి."

"అయితే కట్టినవాడి పొరపాటని రాయండి."

తలుపు దగ్గర రాయుడు నిలబడి ఉన్నాడు. నా వెనకే వచ్చాడని అప్పటిదాకా చూసుకోలేదు. నిమ్మకు నీరెత్తిన ముఖం కాదది ఇప్పుడు. అబద్ధం ఎందుకు, ఒక్క క్షణం నాకూ మనసులో మెదిలింది. కట్టింది అతనే. సంతకం అతనిదే. అలా రాస్తే అబద్ధం కూడా కాదు. కానీ అతను ఎందుకు కట్టాడని ఎవరైనా అడిగితే ఆ ముక్క బయటికొస్తుంది. ఎవరూ అడగకపోతే రేపు ఇంకెవడో వచ్చి అదే ముక్క చదివి అలాగే కడతాడు. పైగా, అడగడానికి కూడా భయపడేంతగా నన్ను నేను తయారుచేసుకున్నాను. అది ఏ కాగితం మీదా లేదు.

"పొరపాటు నాది," అన్నాను. "నేను రాసి అంటించిన సూచన తప్పుగా చదివేలా ఉంది. కొత్తవాడికి ఒక్క రోజు నేర్పి వదిలేశాను. యంత్రం బాగుంది, ఇవాళ్టి పరీక్ష బాగుంది. ఇదే రాసి సంతకం పెడతాను."

సూపరింటెండెంటు ముఖం చేదుగా పెట్టాడు. "మెమో ఇవ్వాల్సి వస్తుంది. గది బాధ్యత కూడా..."

"ఇవ్వండి. ముందు పిల్ల పేరు గురువారం పట్టికలో ఎక్కించండి."

డాక్టరమ్మ పెన్ను తీసింది. పట్టిక చివర ఒక పేరు రాసి, నాతో, "ఆ ఒప్పుకోలు కాగితం మాత్రం మీ చేత్తో రాయకండి. టైపు చేయించండి," అంది. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

గదికి తిరిగి వచ్చి, ఆ ముక్కను యంత్రం మీంచి గోళ్లతో గీకి పారేశాను. తర్వాత మూడు నెలల కాగితాలన్నీ బల్ల మీద పరిచాం, నేనూ రాయుడూ. రెండేళ్లు దాటిన పిల్లల గీతలు బాగానే ఉన్నాయి. వాళ్లు కుదురుగా కూర్చుంటారు, వాళ్లకు పట్టీ అక్కర్లేదు. చంటిపిల్లలవి పద్నాలుగు తేలాయి. ఈ అమ్మమ్మ తెచ్చింది కాక. పద్నాలుగూ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. వాళ్లలో కొందరికి నిజంగానే చూపు లేకపోవచ్చు. ఆ సంగతి కూడా ఇప్పుడు ఎవరికీ తెలియదు. నోరున్నవాళ్లకు పరీక్ష తప్పయితే పోట్లాడతారు. మేము తప్పు చేసిందల్లా నోరు లేనివాళ్ల దగ్గరే.

రాయుడు ఫోను నంబర్లు చదివాడు, నేను నొక్కాను. అతను చేస్తానన్నాడు గానీ నేను ఇవ్వలేదు. ప్రతి ఇంటికీ ఒకటే చెప్పాను. మా పరీక్ష తప్పు, మళ్లీ తీసుకురండి, తప్పు మాది. ఒక తండ్రి, "థ్యాంక్స్ మేడం, మీరు గుర్తుపెట్టుకుని ఫోన్ చేశారు," అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తిట్టాల్సిన చోట థ్యాంక్స్ చెప్పేలా మనుషుల్ని ఎవరు తయారుచేశారు? మేమే. బుధవారం సాయంత్రానికి పదమూడు మంది దొరికారు. ఒక నంబరు ఎంతసేపు మోగినా ఎవరూ తీయలేదు. పదిసార్లు చేశాను.

గురువారం పొద్దున ఆపరేషన్ గది బయట బెంచీ మీద అమ్మమ్మ పక్కన కూర్చున్నాను. అక్కడ నాకు పనేమీ లేదు. గదిలో కూర్చోలేక వచ్చాను. అమ్మమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, ఒక్క మంచి మాటా చెప్పలేదు. అలా కూర్చోనిచ్చింది, అంతే. పదకొండు అవుతుండగా నర్సు తలుపు తీసి, "కుడికన్ను అయిపోయింది. పిల్ల బాగుంది. ఎడమది వచ్చే నెల," అని చెప్పి మళ్లీ మూసేసింది. అమ్మమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అప్పుడే నా ఫోను మోగింది. దొరకని ఆ నంబరు.

"ఈ నంబరు నుంచి పదిసార్లు వచ్చింది. ఎవరండీ?" ఒక ఆడగొంతు.

ఎవరో చెప్పాను. మా పరీక్ష తప్పని చెప్పాను.

"మా పాపకి రెండో నెలలోనే వేరేచోట పొరలు తీశారండీ," అంది. "మందపాటి కళ్లజోడు ఇచ్చారు. ఏడాది పైన పెట్టుకుంది. నరం ఎలా ఉందో ఒకసారి చూపించమంటే మీ దగ్గరికి తెచ్చాం. మీరు స్పందన లేదన్నారు."

"జోడు ఇప్పుడు పెడుతున్నారా అమ్మా?"

"ఎందుకు పెడతాం? చూపే లేనిదానికి ముక్కు మీద బరువెందుకని తీసేశాం. ఇరవై రోజులు ఏడ్చింది జోడు కోసం. ముక్కు తడుముకునేది. నా మొహం మీద వెతుక్కునేది. మా అత్తగారు పాపం, పోనీ పెట్టేద్దామే అంది. నేనే మీ కాగితం చూపించాను. అది అలవాటు ఏడుపు అత్తయ్యా, చూపు లేదని మెషీనే చెప్పిందిగా అన్నాను. తర్వాత ఏడవడం మానేసింది."

"ఆ జోడు ఉందా?" అని అడిగాను.

"బీరువాలో ఉంది."

"తీసి పెట్టమ్మా. ఇప్పుడే. నేను లైన్లో ఉంటాను."

బీరువా తలుపు చప్పుడైంది. ఏవో డబ్బాలు జరిపిన చప్పుడు. పిల్లను పిలిచింది.

"పెట్టాను," అంది. "బిగుతుగా ఉంది. తల పెరిగింది కదా. కణతల దగ్గర నొక్కుకుపోతోంది. ఎర్రగా అవుతోందని తీయబోతే రెండు చేతుల్తో పట్టుకుంది. తియ్యనివ్వట్లేదు. నా మొహంలోకే చూస్తోంది. తియ్యనివ్వట్లేదండీ."

తర్వాత ఆవిడ తిట్టడం మొదలుపెట్టింది. నువ్వు ఆడదానివేనా అంది. నీ చేతులు పడిపోను అంది. నా చేత నా పిల్ల కళ్లు పీకించావు కదే అంది. నాకు ఇంత నోరుంది, ఊళ్లో అందరినీ తిట్టాను, నన్ను ఎవరూ ఇలా తిట్టలేదు. నేను ఒక్కదానికీ బదులు చెప్పలేదు, ఫోను చెవి నుంచి తీయలేదు. ఊపిరి అందక ఆవిడ ఆగినప్పుడల్లా వెనక నుంచి పాప ఏదో అడగడం వినిపిస్తోంది. ఆవిడ దానికి జవాబు చెప్పి, మళ్లీ నన్ను తిట్టింది.